కుడికి వెళ్ళే కాలు

మేకును కొట్టడం తేలిక, పడగొట్టడం కష్టమని ఆ చేపల కోల్డ్ స్టోరేజీలో అందరికీ తెలుసు. పేరు వచ్చింది కూడా అలాగే. మనిషి పొట్టి. నెత్తిన ఎన్ని దెబ్బలు పడ్డా నేలలోకి దిగుతాడు తప్ప పక్కకు ఒరగడని లోడింగ్ ప్లాట్‌ఫారం మీది వాళ్ళు ఆ పేరు పెట్టారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా రాదు.

బాక్సింగ్ మీద అతనికి మోజు లేదు. కంపెనీకి ఒక టీము ఉంది. టీములో ఉన్నవాళ్ళకు ప్లాట్‌ఫారం మీద పని వేస్తారు. చలికి వేళ్ళు మొద్దుబారితే గ్లవ్స్ ఏం తొడుగుతారని బాక్సింగ్ మాస్టారు పైవాళ్ళతో మాట్లాడి చేసిన ఏర్పాటు అది. మిగతావాళ్ళకు గది. ఒక్కో బరువు తరగతికి టీములో ఒక్కడికే చోటు. మేకు బరువులో ఆ ఒక్కడు మేకు. బాక్సింగ్‌తో అతని సంబంధం అంతవరకే.

గది అంటే గడ్డకట్టిన చేపల పెట్టెలు పేర్చే గది. కిటికీ లేదు. పెట్టెల వరసల మధ్య దారి ఇరుకు. ఆ దారి గదంతా చుట్టి మళ్ళీ తలుపు దగ్గరికే వస్తుంది, అందరూ ఒకే దిక్కున నడవాలి. దారికి ఎడమపక్క పట్టాలున్నాయి. వాటి మీద వెనకనుంచి ట్రాలీ వస్తుంది. తోసేవాడికి పెట్టెలు అడ్డం, ముందు ఎవరున్నారో కనపడదు. అందుకని "బండీ" అని కేకేస్తాడు. కేక వినగానే కుడికి తప్పుకోవాలి. వెనక్కి చూడకూడదు, ఆలోచించకూడదు. ఒకాయన వెనక్కి చూశాడు. ఆయన ఇప్పుడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, ఉన్న ఒక్క కాలూ చాపుకుని, వచ్చేపోయేవాళ్ళను పలకరిస్తుంటాడు.

మేకు ఆ గదిలో ఏళ్ళు పనిచేశాడు. ఒకరోజు అందులోనే ఉండిపోయాడు. షిఫ్టు అయిందని తలుపు దగ్గరివాడు పిలిచినప్పుడు మేకు చివరి వరస వెనక ఉన్నాడు, టోపీ చెవుల మీదికి లాక్కుని ఉన్నాడు. తిరిగొచ్చేసరికి తలుపు పడింది. లోపలి గడియకు మంచు పట్టింది. గుద్దాడు. పరుపంత మందం తలుపది, గుద్దితే చప్పుడు రాదు. అరిస్తే అరుపు పెట్టెల్లోకి పోయింది. ఎంతసేపు గుద్దాడో అతనికి తెలియదు. కాటా దగ్గర తూకాలు చూసే పెద్దాయన మర్చిపోయిన గొడుగు కోసం తిరిగొచ్చి, ఎందుకో అనుమానం వచ్చి తలుపు తెరిచాడు. అప్పటికీ మేకు గుద్దుతూనే ఉన్నాడు. ఆఖరి దెబ్బ పెద్దాయన రొమ్ము మీద పడింది. ఆయన వెల్లకిలా పడి, లేచి, కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు.

"రేపట్నించి సాయంత్రం ప్యాకింగ్ షెడ్డుకి రా," అన్నాడు.

ఆయనే బాక్సింగ్ మాస్టారు. మేకు వెళ్ళాడు. అప్పట్నుంచీ ఇంట్లో కూడా తలుపు వెయ్యనివ్వడు.

టీము ఎంపికకు ఏడాదికోసారి పోటీ పెడతారు. మేకు బరువులో ఇన్నాళ్ళూ పోటీకి ఎవరూ రాలేదు. ఈసారి కొత్తగా పనిలో చేరిన కుర్రాడు ఒకడు వచ్చాడు. అతను షెడ్డు తలుపులోంచి వంగి లోపలికి రావడం చూసి ఎవరో "నిచ్చెన తెచ్చార్రా" అన్నారు. అతనూ నవ్వాడు. పేరు అక్కడికక్కడే ఖాయమైంది. కాటా మీద నిలబెడితే ముల్లు మేకు బరువు దగ్గరే ఆగింది.

"ఇద్దర్లో గెల్చినోడు ప్లాట్‌ఫారం, ఓడినోడు గది," అన్నాడు సూపర్‌వైజర్. "తర్వాత నా దగ్గర పేచీలొద్దు."

నిచ్చెన గ్లవ్స్ తొడుక్కుని ఇసక సంచి ముందు నిలబడ్డాడు. కుడికాలు ముందుకు పెట్టాడు. కుడిచెయ్యి చాపాడు. ఎడమచెయ్యి గడ్డం దగ్గర దాచుకున్నాడు. ఆ ఎడమచెయ్యి ఒక్కసారి బయటికొచ్చేసరికి సంచి వెళ్ళి వెనక స్తంభానికి తగిలింది. మేకు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఎడమచేతి వాటం," అన్నాడు చివరికి. "పైగా పొడుగు."

"ఇప్పుడేం చెయ్యాలి మాస్టారూ?"

"ఏడవడానికి ఇంకా టైముంది. ఇటు రా."

మాస్టారు చెప్పులు విడిచి నేల మీద ఎదురెదురుగా పెట్టాడు.

"ఇది నీ ఎడమకాలు. ఇది వాడి కుడికాలు. కుడిచేతి వాడితో అయితే మీ ముందుకాళ్ళు ఒకదానికొకటి అడ్డం రావు. వీడితో అద్దం ముందు నిలబడ్డట్టే, ముక్కూ ముక్కూ ఢీకొంటాయి. ఎవడి కాలు బయటివైపు పడితే ఆట వాడిది." ఒక చెప్పు జరిపాడు. "నీ కాలు నీ ఎడమకి, వాడి కాలికి బయటగా పడాలి. అప్పుడు నీ కుడిచేతికి వాడి మొహం తిన్నగా దొరుకుద్ది. వాడి ఎడమచెయ్యి అవతలెక్కడో ఉండిపోద్ది. నువ్వు కుడికి జరిగావో, అది అక్కడే కూర్చునుంటుంది, రావయ్యా అల్లుడూ అని."

"మరి పొడుగు సంగతి?"

"పొడుగోడికి దూరం కావాలి. నువ్వివ్వకు. వాడి ముందుచెయ్యి వచ్చినప్పుడు తల ఎడమకి వంచి కిందనుంచి దూరు. దూరాక బయటికి రాకు. రొమ్ముకి నుదురానించి డొక్కల్లో కొట్టు. మొహం జోలికి తర్వాత పోదువుగాని. అంతంత చేతులు మడిచి కొట్టడం వాడికి చాతకాదు."

"అక్కడే ఉండిపోవాలా?"

"అక్కడే. చోటు లేకపోతే వాడికి నష్టం, నీకు లాభం."

చోటు లేకపోతే మేకుకేమవుతుందో ఈయనకు చెప్పే పనిలేదు. తలుపు తీసింది ఈయనే.

చెప్పులతో నేర్చుకోవడం వరకు బాగానే ఉంది. షెడ్డులో ఎడమచేతి వాటం మనిషి ఇంకొకడు లేడు. మిగతావాళ్ళు కాళ్ళు మార్చి నిలబడి కాసేపు నటించేవాళ్ళు. ఒక దెబ్బ గట్టిగా తగిలితే చాలు, కోపం వచ్చి ఎవరి వాటానికి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. మేకుకు తెలిసిన ఎడమచేతి వాటం మనిషి ఒక్కతే. ఆవిడతోనే కాపురం చేస్తున్నాడు.

భార్య బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, గుడ్డ కత్తిరించే బల్ల, మనిషి తిరగడానికి కాస్త జాగా ఉన్నాయి. తెర వెనక మంచం మీద అత్తగారు ఉంటుంది.

"ఏంటీ, నిన్ను కొట్టాలా?" అంది భార్య కత్తెర కింద పెట్టి. "ఇన్నాళ్ళూ అడిగావు కాదేం?"

చేతులకు తువ్వాళ్ళు చుట్టుకుని, పొడుగు కోసం పీట ఎక్కింది. మేకు చెప్పినట్టు కుడిచెయ్యి ముందు పెట్టి రెండు విసిరింది. తర్వాత ఎడమచెయ్యి వదిలింది. మేకు చెవి గుయ్యిమంది.

"ఏంటే ఆ చప్పుడు?" అంది తెర వెనకనుంచి అత్తగారు.

"నీ అల్లుణ్ణి కొడుతున్నానమ్మా."

"తలుపేసుకుని కొట్టవే. నలుగురూ చూస్తే బాగోదు."

"వెయ్యనిస్తేగా."

కాసేపయ్యాక భార్య చేతులు దించింది.

"నీకా మిషను మీద పగేమన్నా ఉందా? ఎన్నిసార్లు కొట్టినా పోయి దాని మీదే పడతావు. మాస్టారు ఎటెళ్ళమన్నాడు?"

"ఎడమకి."

"మిషనెటుంది?"

కుడివైపు ఉంది. మేకు మిషను వైపు చూశాడు, తన కాలి వైపు చూశాడు. పీట పక్కన నేల మీద కూలబడ్డాడు.

"బండి," అన్నాడు.

"ఏ బండి?"

చెప్పాడు. ట్రాలీ, పట్టాలు, కేక, కుడికి తప్పుకోవడం. ఏదైనా మీదికి వస్తోందంటే చాలు, కాలు తనను అడక్కుండా కుడికి పోతోంది.

"ఆ గది వదిలేసి ఎంతకాలమైంది నువ్వు?"

"నేను వదిలాను. కాలు వదల్లేదు."

భార్య పీట పక్కకు నెట్టి, గుడ్డ మీద గీసే సుద్ద తీసుకుని, కుడికాలు నేల మీద పెట్టి దాని చుట్టూ గీసింది. ఆ పాదానికి బయటగా ఇంకో గీత గీసింది.

"నీ బొటనవేలు ఈ గీత దాటాలి. దాటేదాకా తిండి లేదు. ఇంకోటి, నా చెయ్యి చూసి ఉలిక్కిపడుతున్నావు. చెయ్యి కాదు, భుజం చూడు. చొక్కా తొడిగించి సరిచూసేటప్పుడు రోజూ చూస్తూనే ఉంటా. చెయ్యి లేవకముందే భుజం దగ్గర కుట్టు లాగుతుంది."

గీత దాటడం వచ్చింది. భుజం చూడటం వచ్చింది. ముందుగా కనిపెడితే కాలు ఎడమకి వెళ్ళేది. అదాటున మీదికొస్తే మాత్రం మళ్ళీ కుడికే. భార్య ఆ మాట మొహం మీదే చెప్పింది. మాస్టారు విని, "అయితే అదాటున ఏదీ రానంత దగ్గరగా ఉండు," అన్నాడు. తిప్పి తిప్పి మళ్ళీ అక్కడికే తెచ్చాడు.

పోటీ ప్యాకింగ్ షెడ్డులోనే పెట్టారు. నాలుగు ఇనపస్తంభాలకు తాళ్ళు కట్టారు. పెట్టెలు బోర్లించి జనం కూర్చున్నారు. గోదాముల సంఘం నుంచి వచ్చిన రిఫరీ ఇద్దరి గ్లవ్సూ చూసి మధ్యకు పిలిచాడు. మేకు కళ్ళకు నిచ్చెన బనీను కనపడింది. మొహం కోసం తలెత్తాల్సి వచ్చింది.

"బాగున్నావా అన్నా," అన్నాడు నిచ్చెన.

"ఇప్పటిదాకా బాగానే ఉన్నా."

మొదటి రౌండులో మేకు లోపలికి పోలేదు. పోదామనే అనుకున్నాడు. నిచ్చెన ముందుచెయ్యి అతని నుదుటి మీద గోడ తడుముకునేవాడి చెయ్యిలా ఆడుతోంది. దాన్ని తప్పించుకుందామనే లోగా కాలు కుడికి పోయింది. ఎడమచెయ్యి అక్కడే ఉంది. దవడ మీద పడింది. నేల ఒక పక్కకు లేచినట్టయింది. మేకు తూలలేదు. పెట్టెల మీంచి ఎవరో "దిగిందిరా మేకు" అన్నారు, నవ్వులు వచ్చాయి. మళ్ళీ కుడికే పోయాడు, మళ్ళీ తిన్నాడు. వెనక్కి తగ్గితే తాడు వీపుకు తగిలింది. తాడు తగలగానే ఇంకో ఆలోచన లేదు, బయటికి దారెటు అన్నది తప్ప. ఆ దారి కూడా కుడికే కనపడింది.

గంట కొట్టారు. మాస్టారు నీళ్ళు మొహాన కొట్టాడు.

"ఒరేయ్, నీకు కుడెడమలు మర్చిపోయాయా?"

"కాలు వినట్లేదు మాస్టారూ."

"దాన్ని బతిమాలకు. కాలికి పని లేకుండా చెయ్యి. లోపలికి పో."

"ఊపిరాడదు."

"ఆడదు," అన్నాడు మాస్టారు. "మిగిలిన రెండు రౌండ్లే ఆడదు. వీడు నిన్ను ఓడిస్తే రేపట్నించి రోజూ ఆడదు. నీకేది కావాలో చూసుకో."

రెండో రౌండులో మేకు నిచ్చెన భుజం మీద చూపు పెట్టాడు. కుడిభుజం దగ్గర బనీను లాగింది. తల ఎడమకి వంచాడు. చెయ్యి చెవి పక్కనుంచి పోయింది. ఎడమకాలు నిచ్చెన పాదానికి బయటగా వేశాడు. అక్కడినుంచి కుడిచెయ్యి తిన్నగా వదిలాడు. పోటీ మొదలయ్యాక అతని దెబ్బ తగలడం అదే మొదటిసారి. నిచ్చెన తల వెనక్కి పోయింది. నిచ్చెన ఎటు జరగాలో తెలియక తన ఎడమకి జరిగాడు, అంటే మేకు కుడిచేతి ముందుకే వచ్చాడు. ఇంకోటి పడింది. మేకు నుదురు అతని రొమ్ముకు ఆనించాడు.

అక్కడ వెలుతురు లేదు. కళ్ళ ముందు తడిసిన బనీను, నెత్తి మీద గడ్డం, మెడ మీద రెండు మోచేతులు. నిచ్చెన తన బరువంతా మీద వేశాడు. షెడ్డులో జనం అరుస్తున్నారు కాని ఆ అరుపులు తలుపు అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినపడ్డాయి. ఒక్క అడుగు వెనక్కి వేస్తే గాలి ఉంది, వెలుతురు ఉంది. ఆ ఎడమచెయ్యి కూడా ఉంది. కాలు కుడికి లాగుతోంది. లాగడానికి చోటు లేదు, అక్కడ నిచ్చెన మోకాలుంది.

గుద్దాడు. ఆరోజు తలుపును గుద్దినట్టే, ఎవరైనా వింటారో లేదో తెలియకుండా గుద్దాడు. డొక్కలో ఒకటి, ఇంకో పక్క ఒకటి. ఇదీ చప్పుడు చెయ్యదు. ఐతే తలుపుకూ మనిషికీ తేడా ఉంది. కాసేపటికి నెత్తి మీద ఊపిరి మారింది. ముందు ముక్కుతో పీల్చేవాడు ఇప్పుడు నోటితో పీలుస్తున్నాడు. ఇంకాసేపటికి మూలిగాడు. రిఫరీ వచ్చి విడదీశాడు. మేకుకు వెలుతురు కనపడింది. ఒక్క గుక్క గాలి పీల్చి, మళ్ళీ తలవంచి, తనంతట తనే లోపలికి పోయాడు.

మూడో రౌండంతా అదే పని. చూసేవాళ్ళకు విసుగొచ్చింది. "ముద్దులెట్టుకోవడం ఆపండ్రా" అని ఒకడు అరిచాడు. నిచ్చెన చేతులు నడుము దాకా దిగిపోయాయి. మేకు చివరివరకు ఆ బనీనులోంచి తల బయటపెట్టలేదు. గంట కొట్టాక రిఫరీ అతన్ని భుజం పట్టుకుని లాగాల్సి వచ్చింది.

రిఫరీ మేకు చెయ్యి పైకెత్తాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య కాజాలు కుడుతోంది. తలెత్తి అతని దవడ చూసింది.

"ఓడావా?"

"గెలిచా."

"మరి ఆ మొహం ఏంటి, అప్పగింతలప్పటిలా?"

"ఆ అబ్బాయిని రేపు గదిలోకి పంపుతారు."

"నువ్వు పోవట్లేదుగా," అంది. తర్వాత సూది ఆపి, "కూర్చో, ఆ దవడకి కాపడం పెడతా," అంది.

మర్నాడు ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటేనే సూపర్‌వైజర్ కేకేశాడు.

"మేకూ, ఈ పూట కొత్తోడి వెంట ఉండు. గదిలో దారులు నీకు తెల్సినంత ఎవడికీ తెలీదు."

"నేను టీములో ఉన్నానండీ."

"టీములోంచి తీసేశానన్నానా? ఒక్క పూటేగా. వాడి కాలో చెయ్యో పోతే రేపు నేను సమాధానం చెప్పుకోవాలి."

నిచ్చెన తలుపు దగ్గర కోటు వేసుకుని నిలబడ్డాడు. కోటు చేతులు మణికట్ల దాకా రాలేదు. పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు.

"రాత్రంతా పడుకోనివ్వలేదన్నా నువ్వు."

"నువ్వు నన్ను నమలనివ్వట్లేదు," అన్నాడు మేకు దవడ చూపించి.

లోపలికి వెళ్ళారు. తలుపు వెనక పడింది. మేకు చెయ్యి గోడ పట్టుకుంది. ఆ చెయ్యి నిచ్చెన చూశాడేమోనని వెంటనే తీసేశాడు. ముందు గడియ చూపించాడు. మంచు పడితే చేత్తో లాగినా రాదని, కింద మడమతో తన్ని అప్పుడు లాగాలని చెప్పాడు. రెండుసార్లు తన్నించాడు. బయటివాడు పిలిచేటప్పుడు టోపీ చెవుల మీద ఉండకూడదన్నాడు. నిచ్చెన పైపులకు తల తగలకుండా మెడ వంచుకుని అన్నిటికీ "సరే అన్నా" అంటున్నాడు.

వరసల మధ్యకు వచ్చారు. వెనకనుంచి "బండీ" అని వినపడింది. మేకు కాలు కుడికి వెళ్ళింది. నిచ్చెన వెనక్కి చూసి ఎడమకి అడుగు వేశాడు. మేకు కాలరు పట్టుకుని లాగాడు. ఇద్దరూ పెట్టెల మీద పడ్డారు. ట్రాలీ నిచ్చెన కోటు అంచును రాసుకుంటూ పోయింది. తోసేవాడికి వాళ్ళు కనపడనైనా లేదు.

నిచ్చెన పెట్టెల మీంచి లేచి కోటు అంచు చూసుకున్నాడు.

"ఎటు తప్పుకోవాలన్నా?"

మేకు నోటిదాకా వచ్చిన మాట ఆగింది.

మాస్టారి చెప్పులు గుర్తొచ్చాయి. ఆరోజు తను తన చెప్పు సంగతే చూసుకున్నాడు. రెండో చెప్పు ఎటు జరగాలో అడగలేదు. కుడికాలు ముందుపెట్టేవాడు బయటికి రావాలంటే కుడికి రావాలి. కుడికి వస్తే మేకు కుడిచెయ్యి అందదు, అతని ఎడమచెయ్యికి మేకు మొహం తిన్నగా దొరుకుతుంది. నిన్న నిచ్చెనకు ఆ సంగతి తెలియదు. ఎడమకి జరిగి జరిగి దెబ్బలు తిన్నాడు. మేకును ఇన్నేళ్ళు పాడుచేసిన ఈ గది, ఇతనికి రోజూ అదే నేర్పుతుంది. పిలవకుండా, మాస్టారు లేకుండా నేర్పుతుంది. ఏడాది తిరిగేసరికి అతని కాలు అడక్కుండానే కుడికి పోతుంది. మళ్ళీ పోటీ పెట్టేది అప్పుడే.

"అన్నా?"

ట్రాలీ చక్రాల చప్పుడు అవతలి వరసలో తిరుగుతోంది. మళ్ళీ ఇటే వస్తుంది.

"కుడికి," అన్నాడు మేకు. "ఎప్పుడూ కుడికే. వెనక్కి చూడకు. ఆలోచించకు. కేక వినపడగానే కాలు పోవాలి."

"వస్తుందిలే, అలవాటైతే."

"అలవాటయ్యేలోగా కాలుండాలిగా. నా ముందు నడువు."

నిచ్చెన నడిచాడు. మేకు వెనక కొంచెం దూరం ఉంచి "బండీ" అన్నాడు. నిచ్చెన తల వెనక్కి తిరిగింది.

"చచ్చావు," అన్నాడు మేకు. "మళ్ళీ."

మళ్ళీ నడిచాడు. ఈసారి తల తిరగలేదు గాని కాలు తడబడింది. వాళ్ళ ఊపిరి పొగలా లేచి పైపుల్లో కలుస్తోంది. మేకుకు బయటికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. తలుపు వైపు చూడకుండా నిచ్చెన మడమల మీదే చూపు పెట్టాడు.

"బండీ."

మడమ లేచి కుడికి పడింది.

"వచ్చిందా అన్నా?"

"ఒక్కసారి వస్తే వచ్చినట్టు కాదు," అన్నాడు మేకు. "నడువు."